ఏడు శుక్రవారాలు

నా ముందు తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిదో మనిషి మా అత్త రత్తమ్మ, ఆమె కొప్పు నా ముక్కుకు జానెడు దూరంలో ఉంది, అందులోంచి ఆముదం వాసన వస్తోంది, అరగంట నుంచీ ఆ కొప్పునే చూస్తున్నాను. ఆ కొప్పు కింద ఉన్న తలకాయకు నా సంగతి ఎట్లా తెలిసింది? అది తేల్చుకోవడానికే వచ్చాను. పాపసంకీర్తనానికి, చేసిన పాపాలు ఫాదర్‌కు చెప్పుకోవడానికి పోతున్నానని ఇంట్లో చెప్పాను, ఈస్టర్‌ను మేం పాస్కా అంటాం, ఆ పండుగ ముందు బుధవారం కాబట్టి అందరూ అందుకే వస్తారు, కానీ నేను ఫాదర్ కూర్చునే ఆ చెక్కపెట్టె ముందు మోకరించి మొదట అడగబోయేది ఒక్కటే. ఇక్కడ విన్నది ఎవరికీ చెప్పకూడదు కదా ఫాదర్, మీరు చెప్పారా? ఆయన తడబడినా, గొంతు సవరించుకున్నా, నాకు చాలు. ఆదివారం నా పెద్దపిల్ల స్టెల్లాకు ఫాదర్ చేతి మొదటి సత్ప్రసాదం ఉండదు, కుట్టించిన తెల్లగౌను ట్రంకుపెట్టెలోనే ఉంటుంది, ముగ్గురు ఆడపిల్లలనూ తీసుకుని నిజామాబాద్ బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోతాను, మళ్ళీ ఈ గుడి మెట్టు ఎక్కను. నా మొగుడు ఇన్నయ్య రావాలనుకుంటే వస్తాడు, లేకపోతే తన చెరుకు, తన కాలువ, తన అమ్మ, అన్నీ ఇక్కడే ఉన్నాయి.

సంగతి మామూలుదే, ఇంకొకరికైతే అసలు సంగతే కాదు. కోటగిరి మండలమైన ఏడాది మూడో కాన్పులో నేను చచ్చి బతికాను. ఇంకోసారి వస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ చెబితే ఇన్నయ్య ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చాడు, అతను ఏడవగా చూడటం అదొక్కసారే. ఆ చలికాలం చివర్లో ఆపరేషన్ చేయించుకున్నాను, అమ్మకు ఒంట్లో బాగాలేదని అత్తకు చెప్పి వారం రోజులు నిజామాబాద్‌లో ఉండి వచ్చాను. అమ్మకు తెలియొద్దు, ఫాదర్‌కు చెప్పొద్దు, ఇన్నయ్య అన్నది ఈ రెండు మాటలే. పక్కింటి లక్ష్మీరాజం భార్య ఆపరేషన్ చేయించుకుని మర్నాడు వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పుకుంది, వాళ్ళకు అది ఆపరేషన్, మాకు చావైన పాపం, ఆత్మనే చంపే పాపం. చావైన పాపంతో ఉన్నవాళ్ళు సత్ప్రసాదం తీసుకోకూడదు, తీసుకుంటే పాపం మీద పాపం. నేను ఆర్నెల్లు తీసుకోలేదు. పూజలో ఆ ఘడియ వచ్చి అందరూ చాపల మీంచి లేచి పీఠం వైపు నడుస్తుంటే నేను చంటిదానికి కొంగు కప్పి పాలు పట్టేదాన్ని, దానికి ఆకలి లేకపోయినా పట్టేదాన్ని, ఎవరూ ఏమీ అనుకోకుండా భలే ఉపాయం చేశానని నాకు నేనే మెచ్చుకునేదాన్ని.

వరస కదిలింది. ఒకామె లేచి వచ్చి ముసుగు సవరించుకుంటూ గోడ వారగా కూర్చుంది, మొహంలో ఏమీ లేదు. ఈ పుట్టు క్రైస్తవులకు మొహంలో ఏమీ ఉండదు, సంచిలో కూరగాయలు దింపినట్టు పాపాలు దింపి వస్తారు. నేను అట్లా కాదు. నేను గంగుబాయిగా పుట్టి పద్దెనిమిదో ఏట విమలమ్మనయ్యాను. నిజామాబాద్‌లో సిస్టర్ల బడిలో చదివాను, మా ఇంట్లో రెండు గదుల్లో పదకొండు మందిమి, సిస్టర్ల ప్రార్థన గదిలో ఎవరూ మాట్లాడరు, మొదట నాకు నచ్చింది దేవుడు కాదు, ఆ నిశ్శబ్దం. తర్వాత దేవుడూ నచ్చాడు. గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్ళకు వచ్చి భూములు కొనుక్కున్న కథోలిక కుటుంబం, ఒక్కడే కొడుకు, మంచి పిల్లవాడు అని సిస్టర్లే సంబంధం చూశారు. పెళ్ళికి మా అమ్మ సుమిత్రమ్మ గుడి బయటే నిలబడింది. "దేవుని మార్సుకున్నవ్, సరే. పేరు గూడ ఎందుకే బిడ్డా," అన్నది, ఇంకేమీ అనకుండా అన్నం తిని పోయింది. అమ్మ బీడీలు చుడుతుంది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునేవాడు పిల్లలు బాగున్నారా, పెద్దాయన దగ్గు తగ్గిందా అని అడుగుతూనే గుప్పెడు మంచి బీడీలు బాగాలేవని పక్కకు తోసేవాడు, సాయంత్రానికి అవి అతని సంచిలో ఉండేవి. "వాని మొకం జూడకు, చేతులు జూడు," అనేది అమ్మ నాకు, ఏడేళ్ళదాన్ని అప్పుడు. అప్పటి నుంచీ నేను ఎవరి మొహాన్నీ నమ్మను. ఈ పెట్టెతో వచ్చిన చిక్కు అదే, చెక్కజాలీ, జాలీ మీద ఊదారంగు గుడ్డ, ఆ వెనక ఉన్న మనిషి మొహం సరే, చేతులు కూడా కనపడవు.

మొన్న మట్టల ఆదివారం నాడు బయటపడింది. ఈత మట్టలు పట్టుకుని కాలువగట్టు దాకా ఊరేగింపుగా పోయి, పూజ అయ్యాక ఇంటికి వచ్చాం, మట్టను సిలువ పటం వెనక చెక్కుతున్నాను, కోటగిరి నుంచి అత్తకు తెలిసినావిడ వచ్చి కూర్చుంది. మూడో పిల్లను ఒళ్ళోకి తీసుకుని, ఇంకొక్కటి చూడండి, ఈసారి మగపిల్లాడే అంది, నేను మంచినీళ్ళు ఇచ్చినప్పుడు అంది, అన్నం పెట్టినప్పుడు మళ్ళీ అంది. మా అత్త చెయ్యి కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "ఇక ఆ కాలవకి తూము మూసేశార్లే," అంది. నా చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆవిడకు అర్థమైందో లేదో కానీ నోరు మూసుకుంది. నాకు మాత్రం అర్థమైంది, అది నా ఆపరేషన్ మాటే. సాయంత్రం ఇన్నయ్యను చెరుకు తోటలోనే పట్టుకున్నాను, నువ్వు చెప్పావా అని, పిల్లల మీద ఒట్టు వేశాడు, నమ్మలేదు, సిలువ మీద వేయించాను, వేశాడు. డాక్టరమ్మకు మా ఊరు ఎక్కడుందో తెలియదు. మా అమ్మకూ అత్తకూ పెళ్ళినాటి నుంచీ మాటల్లేవు. ఇంకెవరు మిగిలారు? లోపల కూర్చున్న ఈ ఫాదర్ బాలశౌరి, ప్రతి నెలా మా ఇంటికి వచ్చి అత్త చేతి మజ్జిగ తాగి, వరండాలో ఆమెతో గంటసేపు గుంటూరు ముచ్చట్లు చెప్పుకునే బాలశౌరి.

ఇంకొకరు లేచారు, ఏడుగురు. పోయిన ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ ముందు ఇక ఉండబట్టలేక ఇదే పెట్టె దగ్గర ఆయనకు చెప్పుకున్నాను. బయట వాన, పెంకుల మీద చప్పుడు, గట్టిగా మాట్లాడాల్సిన పనే లేదు, ఆయన చెవి జాలీకి ఆనించి విన్నారు. బాధ పడుతున్నావా అమ్మా అని అడిగారు. పడుతున్న అన్నాను. దేనికి అన్నారు. అబద్ధం చెప్పవచ్చు, చెబితే అయిపోయేది, కానీ అక్కడ అబద్ధం చెబితే ఇక ఆ పెట్టె ఎందుకు, మోకాళ్ళు ఎందుకు. "గిది పాపమైనందుకు బాధ పడుతున్న ఫాదర్. బతికినందుకు పడతలేను," అన్నాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావు అన్నారు, మళ్ళీ గట్లనే చేస్త, ముగ్గురు పిల్లలున్నరు అన్నాను. నన్ను తిడతారనుకున్నాను. "నువ్వు బతికినందుకు దేవుడికి కోపం రాదమ్మా. అది పాపం కాదని చెప్పే అధికారం మాత్రం నాకు లేదు," అన్నారు, ఆ గొంతు నన్ను బతిమాలుకుంటున్నట్టు ఉంది, అట్లాంటి గొంతు ఏ మగవాడి దగ్గరా వినలేదు నేను. ఏడు శుక్రవారాలు సిలువమార్గం చెయ్యమని ప్రాయశ్చిత్తం వేశారు, ఇంకేవో జాగ్రత్తలు చెప్పారు, దీవించారు. ఏడుస్తూ లేచాను. ఆ గొంతే మా వరండాలో మజ్జిగ తాగుతూ, రత్తమ్మా నీ కోడలు ఇట్లా చేసింది అని చెప్పి ఉంటుందా?

ప్రాయశ్చిత్తం మాత్రం వాయిదా వెయ్యలేదు. గోడల మీద ప్రభువు సిలువ మోసిన దారి, పద్నాలుగు పటాలు, పద్నాలుగు స్థలాలు, పాస్కా ముందు నలభై రోజుల తపస్సుకాలంలో అందరూ నిలబడి ఒక్కో పటం దగ్గర జపం చెప్పి ముందుకు పోతారు. నేను ఆగస్టు నుంచి ఏడు శుక్రవారాలు, సాయంత్రం జపమాల అయ్యాక, ఆడవాళ్ళు ఇంకా చెప్పులు వెతుక్కుంటుండగానే, మోకాళ్ళ మీద నడుస్తూ పద్నాలుగూ చేశాను. గచ్చు పగుళ్ళకు చీర పట్టేది, మోకాళ్ళు ఒరుసుకుపోయేవి. కొత్తగా వచ్చింది, బీడీలోళ్ళ పిల్ల, దీనికేం భక్తి అని అనుకునేవాళ్ళు చూడనీ అనుకున్నాను. చూశారు కూడా. ఒకామె చంటిపిల్లను ఎత్తుకుంది, ఇంకొకామె నా చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కింద పడకుండా సర్దింది. ఎనిమిదో వారం పీఠం దగ్గరికి పోయి సత్ప్రసాదం తీసుకున్నప్పుడు ఎవరైనా చూస్తున్నారా అని పక్కకు చూశాను, దేవుడి ముందు నిలబడి అట్లా చూసినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

ఇక అనుమానానికి ఆధారాలు అంటారా, కావలసినన్ని ఉన్నాయి. తపస్సుకాలం మూడో ఆదివారం ఫాదర్ బిషప్పుల లేఖ చదివారు, సంసారుల బాధ్యతలు, సర్కారు ఆపరేషన్లు, అన్నీ అందులోనే ఉన్నాయి, ప్రతి గుడిలోనూ అదే లేఖ చదివారని నాకు తెలుసు, కానీ ఆపరేషన్ అన్న మాట దగ్గర ఆయన ఎందుకు దగ్గారు? దగ్గి ఆడవాళ్ళ వైపు ఎందుకు చూశారు, మగవాళ్ళ వైపు చూసి దగ్గవచ్చు కదా? సోమవారం బోరింగు దగ్గర ఇక ఆపుకోలేక నాగకుమారక్కతో అన్నాను. నాగకుమారక్క మా వీధి చివరిల్లు, ఊళ్ళో అందరి ఇళ్ళ నీళ్ళూ ఆమె బిందెలోంచే పోతాయన్నట్టు ఉంటుంది. నా సంగతి చెప్పలేదు, అంత తెలివి నాకుంది. "ఫాదర్ చెవిల చెప్పినా మైకుల చెప్పినా ఒక్కటే అక్కా," అన్నాను, అంతే. నిజమా విమలా అని ఆమె బోరింగు కొట్టడం ఆపేసింది. నిన్న మంగళవారం కొట్టు దగ్గర అవతలి వీధి అమ్మాయి నన్ను పక్కకు లాగి, ఫాదర్ ఒకామె పాపం ఆమె అత్తకు చెప్పిండట, నీకు తెల్సా అంది. చూశారా, నాకొక్కదానికే కాదు, ఇంకొకామెకూ ఇట్లాగే జరిగింది. ఆ మాట విని నాకు భయమూ వేసింది, లోపల ఎక్కడో ధైర్యం కూడా వచ్చింది. ఇవాళ ఈ వరస చూడండి. పోయినేడు ఇదే బుధవారం వరస గుడి దాటి, మెట్లు దిగి, గానుగచెట్టు దాకా పోయింది, చాప మీద కూర్చుని నా కళ్ళతో చూశాను. ఇవాళ నాతో కలిపి పదిమంది, నా వెనక ఒక్క మనిషి రాలేదు. ఏటా అందరికంటే ముందు నిలబడే నాగకుమారక్క రాలేదు. నిప్పు లేకుండా ఇంతమంది ఎందుకు మానేస్తారు?

బయట చెరుకు ట్రాక్టరు పోతోంది, గోడలు అదురుతున్నాయి, ఊదారంగు గుడ్డలు కప్పిన పునీతుల స్వరూపాలు కదిలినట్టు అనిపిస్తున్నాయి. నా ముందు నలుగురు. నిన్న పిల్లల చేత మొదటి పాపసంకీర్తనం చేయించారు, స్టెల్లా కూడా వచ్చింది, తొమ్మిదేళ్ళది, ఏం పాపాలుంటాయి దానికి, చెల్లెలి బెల్లం ముక్క లాక్కుని ఉంటుంది. ఇంటికి వచ్చాక ఏం చెప్పినవ్ బిడ్డా అని అడిగాను. చెప్పను అంది. అమ్మకు చెప్పవా అన్నాను. "ఫాదర్ ఎవ్వలకు చెప్పడు గద, నేనెందుకు చెప్త," అంది, గౌను మీద లేసు నిమురుకుంటూ. దాని వైపు చూడలేకపోయాను. దానికి ఎట్లా చెప్పాలి? చెప్పకుండా గౌను ఎట్లా తొడగాలి? తొడిగి, ఆ చేతులతోనే ఆయన దాని నాలుక మీద సత్ప్రసాదం పెడుతుంటే ఎట్లా చూస్తూ నిలబడాలి? నా పేరు పోయింది, అమ్మ ఇల్లు పోయింది, ఆర్నెల్లు ఆకలితో ఉన్నట్టు ఉన్నాను, ఇదంతా మజ్జిగ గ్లాసుకు అమ్ముడుపోయిందంటే నేను పన్నెండేళ్ళుగా ఏం చేస్తున్నట్టు? కాదని ఆయన అంటే బాగుండు. అంటారు, ఎందుకు అనరు, తప్పు చేసినవాడు కాదనే అంటాడు. అన్నా నమ్మను. మరి ఎందుకు అడగటం అని నన్ను నేనే అడుగుతుంటే వరస మళ్ళీ కదిలింది.

ఇక మా అత్త ముందు ఒక్కరే ఉన్నారు. అత్త చేతిలో జపమాల తిరుగుతోంది, వేళ్ళు ముడతలు పడి నల్లగా ఉన్నాయి, మొహం కనపడదు, చేతులు కనపడుతున్నాయి. అమ్మ చెప్పింది గుర్తొచ్చి ఆ చేతులనే చూశాను. పూసలు ఒక్కొక్కటే పోతున్నాయి, ఆగడం లేదు, తడబాటు లేదు. ఫాదర్‌ను అడిగే ముందు ఈమెను ఎందుకు అడగలేదు నేను? నాలుగు రోజుల నుంచీ ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటున్నాం.

"అత్తమ్మా," అన్నాను గొంతు తగ్గించి. "నా సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

ఏ సంగతి అని అడగలేదు ఆమె. వెనక్కి తిరగలేదు. "నాకెవరు చెబుతారే? నువ్వే చెప్పావు," అంది. "వారం రోజులు మీ అమ్మ దగ్గరుండి నడుం పట్టుకుని వచ్చావు, ఆర్నెల్లు సత్ప్రసాదానికి లేవలేదు. పాస్కాకి కూడా లేవలేదు. ఆకలి లేని పిల్లకి పాలిస్తే నాకు తెలీదా? తర్వాత ఏడు శుక్రవారాలు ఊరంతా చూస్తుండగా మోకాళ్ళ మీద తిరిగావు."

"ఏడు శుక్రవారాలు దేనికేస్తరో నీకెట్ల తెల్సు?"

పూసలు ఆగాయి. "నాక్కూడా వేశారు గనక," అంది.

ఒక్కడే కొడుకు ఎందుకు అంటే దేవుడు అంతే ఇచ్చాడు అని పన్నెండేళ్ళుగా ఆమె అందరికీ చెప్పగా విన్నాను. ఇప్పుడు కొప్పు కొద్దిగా పక్కకు తిప్పి, నాకు మాత్రమే వినపడేట్టు, ఎదుటి గోడకు చెబుతున్నట్టు చెప్పింది. ఇన్నయ్యకు రెండేళ్ళప్పుడు మామ జ్వరంతో పోయాడట. ఆయన పోయిన నెలకు తన కడుపులో ఇంకొకటి ఉందని తెలిసిందట. కూలికి పోతే తప్ప గింజ లేదు, మంత్రసాని ఇచ్చిన మందు తాగిందట. అక్కడ గుంటూరు వైపు ఊళ్ళో తెల్లఫాదర్ ఉండేవాడట, ఆయన ఏడు శుక్రవారాలు మోకాళ్ళ మీద వేశాడట, ఊరంతా చూసిందట, అందరికీ అర్థమైందట, ఎవరూ నోరెత్తలేదట. మరి ఆ కోటగిరామె ముందు తూము మూశారని ఎందుకన్నవ్ అని అడిగాను. "మగపిల్లాడు మగపిల్లాడని అది నిన్ను పొడుస్తుంటే ఇంకేమననే? దాని నోరు మూయించా," అంది. అని, ముందావిడ లేవగానే పెట్టె దగ్గరికి పోయి, గోడ పట్టుకుని కష్టంగా మోకరించింది.

నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. వాన చప్పుడు గుర్తొచ్చింది, ఆ వానలో ఆయన చెప్పిన జాగ్రత్తలు గుర్తొచ్చాయి, మరిచిపోయానని ఎట్లా అనను, విననట్టు పక్కన పెట్టాను. మధ్యాహ్నం పూట, గుడిలో ఎవరూ లేనప్పుడు చేసుకో అమ్మా. నిలబడే చెయ్యి, నీ ఒంట్లో బాగాలేదు. ఇది నీకూ దేవుడికీ మధ్య. అదీ ఆయన అన్నది. నన్ను దాచడానికి ఆయన చూస్తే నేనే మోకాళ్ళ మీద ఊరంతా చాటుకుంటూ తిరిగాను, తిరిగి, చెప్పింది ఎవరు అని ఆయన మీద పడ్డాను. అత్తకు చెప్పాడట అని అవతలి వీధి అమ్మాయి నాకు తెచ్చిచ్చింది నా మాటే, బోరింగు దగ్గర నేను వదిలిన మాట, నాగకుమారక్క నోట్లో కొంచెం పెరిగి, ఒకామె, ఒక అత్త వచ్చి చేరి, నా దగ్గరికే తిరిగి వచ్చింది, దాన్ని నేను సాక్ష్యం అనుకున్నాను. నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను. ఈ గుడిలో ఇవాళ లేని నలభై యాభై మంది, ఈ పాస్కా నాడు చాప మీంచి లేవలేకపోయేవాళ్ళు, ఎవరికీ చెప్పుకోలేని పాపం కొంగున కట్టుకుని ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు, వాళ్ళందరినీ ఇక్కడికి రాకుండా ఆపింది నేను. ఒక్క మాటతో ఆపాను. బస్సెక్కి పోదామనుకున్నదాన్ని, మెట్ల దాకా కూడా పోలేను ఇప్పుడు. ఇంకొకటి తోచింది, తోచగానే ఇంకా భయం వేసింది. లోపలికి పోయి ఇది చెబితే ఇది కూడా ఆయన ఎవరికీ చెప్పలేరు. నేను చెప్పలేదమ్మా, ఆ విమలమ్మ పుట్టించింది అని నాగకుమారక్కతో అనలేరు, పీఠం మీంచి అనలేరు, తన మీద పడిన బురదను కడుక్కోవడానికి కూడా నోరు తెరవలేరు. తెరవాల్సింది నేనే, బోరింగు దగ్గరే, నీళ్ళ కోసం అందరూ వచ్చే వేళకే.

అత్త లేచింది. నా పక్క నుంచి పోతూ నా మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది, మొదటి పటం కిందికి పోయి నిలబడింది. నేను మోకరించాను. జాలీ మీద గుడ్డ ఒక మూల వదులైంది, ఆ సందులోంచి ఆయన చెయ్యి కనపడింది, మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి, ముసలిది, గోరు పక్కన పిల్లల బలపం సుద్ద, నిన్న వాళ్ళకు బోర్డు మీద ఏదో రాసి ఉంటారు. దానిలో దాచుకున్నది ఏమీ లేదు. స్వామీ, నేను పాపిని, నన్ను ఆశీర్వదించండి అన్నాను. ఆ చెయ్యి లేచి సిలువ గుర్తు వేసి మళ్ళీ మోకాలి మీద వాలింది. ఈసారి ప్రాయశ్చిత్తం అందరూ చూసేదే వెయ్యమని అడుగుదామనుకున్నాను, ఎంత కష్టమైనా సరే. నేను మొదలుపెట్టే లోపే ఆయన మామూలుగా అడిగారు.

"నీ వెనక ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ చాపలు, తెరిచిన తలుపు, తలుపు అవతల మెట్లు, మెట్ల అవతల గానుగచెట్టు.

"ఎవ్వలు లేరు ఫాదర్," అన్నాను. "ఎందుకు లేరో నేను చెప్త."